కత్తి లేని పద్ధతి

1999 మార్చి 22వ తేదీ, సోమవారం, ఉదయం పదకొండు గంటలకు, డివిజను రెవెన్యూ కార్యాలయపు సమావేశ మందిరంలో, తాడిమెరక గ్రామ పురుషులు పెట్టుకున్న అర్జీని పరిశీలించే సమన్వయ సంఘం సమావేశమైంది. హాజరైనవారు: అధ్యక్షస్థానంలో రెవెన్యూ డివిజనల్ అధికారి శ్రీ అనంతశయనం గారు, జిల్లా కుటుంబ సంక్షేమ అధికారి శ్రీ సుదర్శనబాబు గారు, పర్యావరణ విభాగపు ఇంజనీరు శ్రీ కోటిలింగం గారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు శ్రీమతి ఇందుమతి గారు, ప్రత్యేక ఆహ్వానితులుగా రంగుల ఫ్యాక్టరీ ప్రజాసంబంధాల అధికారి శ్రీ విలాసరావు గారు, అర్జీదారుల తరఫున కొబ్బరి దింపు కూలీ కడలి బుల్లియ్య (నిలబడి). సమావేశ వివరాలు రాసుకున్నవారు: సీనియర్ అసిస్టెంటు పితాని కామేశ్వరం.

పేర్లను ఈ వరసలో పేర్చడం కామేశ్వరానికి పదేళ్ళ సర్వీసులో అబ్బిన విద్య. ఎవరి తరువాత ఎవరు రావాలో, ఎవరికి ‘శ్రీ’ అవసరమో, ఎవరిని కుండలీకరణంలో నిలబెట్టాలో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. పైగా అతని దస్తూరీ ఎంత పొందికగా ఉండేదంటే, దాన్ని చదవాలన్న ఆలోచన ఎవరికీ కలిగేది కాదు. కాగితం చూడగానే సంతకం పెట్టాలనిపించేది.

అర్జీలోని విషయం క్లుప్తంగా ఇది. మూడేళ్ళ కిందట ఆగస్టు నెలలో వచ్చిన వరదకు ఫ్యాక్టరీ వెనకనున్న వ్యర్థజలాల గుంట గట్టు తెగింది. గుంటలోని నీరు చింతకోడు అనే మురుగుకాలువలోకి, కాలువలోంచి తాడిమెరక మంచినీళ్ళ చెరువులోకి దిగింది. తొమ్మిది రోజులపాటు ఊరు ఊరంతా వక్కాకు నమిలి ఉమ్మినట్టున్న ఎర్రటి నీళ్ళలో నిలబడింది. వరద తీసిన తరువాత ఫ్యాక్టరీ తన గుంటకు గట్టు వేసుకుంది. కోడుకూ చెరువుకూ మధ్య తెగిన గట్టును మాత్రం ఎవరూ వేయలేదు. వాన పడినప్పుడల్లా కోడు చెరువులోకి వస్తూనే ఉంది. ఊరు ఆ చెరువే తాగుతూ ఉంది. గడిచిన రెండేళ్ళలో తాడిమెరకలో దూడలు ముప్పైఒకటి పుట్టాయి. పిల్లలు ఇద్దరు పుట్టారు. ఆ పిల్లల తండ్రులిద్దరూ లారీ డ్రైవర్లు, ఏడాదిలో పది నెలలు ఊళ్ళో ఉండనివాళ్ళు. దూడల తండ్రులు జిల్లా పశువైద్యశాలలో, శీతలపెట్టెలో, ఊరి నీళ్ళు ఎరగకుండా ఉన్నారు.

నలభైమంది మగవాళ్ళు సంతకాలూ వేలిముద్రలూ పెట్టి రెండే కోరారు. ఇది నీళ్ళ వల్ల జరిగిందని ప్రభుత్వం ఒక ముక్క రాసివ్వాలి. చెరువు గట్టు వేయించాలి.

కామేశ్వరానిదీ తాడిమెరకే. ప్రభుత్వోద్యోగి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోకూడదు కాబట్టి అతని సంతకం అందులో లేదు. అతని చొక్కా జేబులో మాత్రం కాకినాడ ల్యాబువాడు ఇచ్చిన ఒక చీటీ ఉంది. అందులో ఎక్కువ మాటలు లేవు. ఒక గడి, ఆ గడిలో ఒక సున్నా.

ఆ చీటీని అతను ఇంట్లో చూపించకపోలేదు. భార్య మంగతాయారు చదివి, మడిచి, తిరిగి అతని చేతిలోనే పెట్టింది. తల్లి సూరమ్మ చదవను కూడా చదవలేదు.

“దీనికి ముద్దరేదిరా?” అంది.

“ప్రైవేటు ల్యాబమ్మా. ముద్ర ఉండదు.”

“ముద్దర లేకపోతే జరగనట్టే. మన గోడ సంగతి మర్చిపోయావేటి?”

కామేశ్వరం మరచిపోలేదు. వరదలో వాళ్ళ ఇంటి తూర్పుగోడ ఆగస్టు పద్నాలుగున కూలింది. ప్రభుత్వం దృష్టిలో అది అక్టోబరు ఇరవైన, తనిఖీ అధికారి ముద్ర వేసిన మధ్యాహ్నం కూలింది. ఆ రెండు నెలలూ కూలని గోడకు ఇవతల, వానలో, సూరమ్మ వంట చేసింది. అప్పటినుంచి ఆమెకు ముద్ర మీద కుదిరిన గురి మరి దేనిమీదా కుదరలేదు. ఆ ఊళ్ళో చాలామందికి అంతే. వరద నేర్పిన మరో అలవాటు కూడా ఉంది: ప్రతి ఇంట్లోనూ కాగితాలన్నీ పాలిథీన్ సంచిలో మూటకట్టి, గోడమీద సర్వేవాళ్ళు గీసిన ఎర్రటి వరదగీతకు పైన, వాసానికి వేలాడదీస్తారు.

“అయితే లోపం దీనిలో ఉన్నట్టేగా,” అని సూరమ్మ కోడలి వైపు గడ్డం చూపించింది. “వైశాఖం దాకా చూస్తాను. ఆ తర్వాత దీన్ని పుట్టింట్లో దిగబెట్టి మా అన్నయ్య మనవరాల్ని తెస్తాను.”

“గవర్నమెంటు ఉద్యోగికి రెండో పెళ్ళి కుదరదమ్మా. ఉద్యోగం పోద్ది.”

“దీన్ని తెంపేసుకుంటే అదే మొదటిది అవుద్దిలే.”

మంగతాయారు లేచి వంటింట్లోకి వెళ్ళింది. సోమవారం ఉదయం క్యారేజీ చేతికిస్తూ అంది: “ఏవండీ, ఇవాళ మీ మీటింగులో మన ఊరి సంగతే కదా. నాకు చీరలొద్దు, నగలొద్దు. తాయారులో లోపం లేదని ముద్దరతో ఒక్క వాక్యం తెచ్చిపెట్టండి. ఒక్కటంటే ఒక్కటి. పదేళ్ళబట్టి ఊళ్ళో అందరికీ అన్నీ రాసిపెడుతున్నారు కదా.”

ఆ వాక్యం ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటూనే కామేశ్వరం కలం మూత తీశాడు.

అనంతశయనం గారు గొంతు సవరించుకున్నారు. “ఇది అత్యంత మానవీయమైన సమస్య. మానవీయ సమస్యలను నియమావళి పరిధిలోనే పరిష్కరించడం మన సంప్రదాయం,” అని విపత్తు నష్టాల కరదీపిక తెరిచారు. “పాడిగేదె, దుక్కిటెద్దు, గొర్రె, కోడి, వల, నావ, మగ్గం... ఆఁ, పురుషుడు. మృతి చెందితే ఏడో పేజీ. అంగవైకల్యం కలిగితే ఎనిమిదో పేజీ. వీరు మృతులు కారని కంటికి కనిపిస్తూనే ఉంది. అంగాల విషయం డాక్టరుగారు చెప్పాలి.”

“అంగాలన్నీ ఉన్నాయండీ,” అంది ఇందుమతి. “కణాలే లేవు. నలభైమందిని పరీక్షకి పంపాను. ముప్పైమూడుమందికి అసలు లేవు, ఏడుగురికి లెక్కలోకి రానంత.”

“కణాలు కరదీపికలో లేవు,” అన్నారు అనంతశయనం గారు విచారంగా. “సంతానోత్పత్తి సామర్థ్యం అనే మాట పదకొండో పేజీలో ఉన్నమాట నిజమే. కాని అది విత్తనపు దున్నపోతుకు ఉద్దేశించినది.”

“ఆయ్, మమ్మల్ని దాని కిందే రాసేసుకోండి బాబూ,” అన్నాడు బుల్లియ్య. “మాకేం నామోషీ లేదు.”

“అలా వీలుపడదు. దున్నపోతుకైతే వరదకు ముందే పశువైద్యుడు జారీ చేసిన సామర్థ్యపత్రం ఉండాలి. మీలో ఎవరివద్దనైనా ఉన్నదా?”

“కాయితం లేదండి. మా ఆడాళ్ళు నోటిమాటగా చెప్తారండి.”

“నోటిమాట చెల్లదు,” అన్నారు అనంతశయనం గారు. కామేశ్వరం రాసుకున్నాడు: పూర్వసామర్థ్యమునకు లిఖితపూర్వక ఆధారములు సమర్పించడంలో అర్జీదారులు విఫలమైరి.

తరువాత పర్యావరణ ఇంజనీరు కోటిలింగం గారు నీటి సంగతి విశదం చేశారు. “చింతకోడుకు మేము నిర్ణయించిన ప్రమాణం చేపలకు సంబంధించినది. చేప బతికితే నీరు యోగ్యమైనదే. మగచేప తండ్రి అయినదా లేదా అని ఆరా తీసే అధికారం మా శాఖకు లేదు.”

“వరద రోజుల్లో నమూనా తీశారాండీ?” అని ఇందుమతి అడిగింది.

“తీశాం. జీపు వెళ్ళగలిగే చోటనుంచే నమూనా తీయాలని ఉత్తర్వు. ఆ రోజుల్లో జీపు వంతెన ఎగువ దాకానే వెళ్ళగలిగింది. అక్కడి నీరు చాలా బాగుంది. దిగువకు జీపు వెళ్ళగలిగే సమయానికి చూద్దామంటే వరద నీరే లేదు.”

విలాసరావు గారు చేతులు జోడించారు. “అధ్యక్షా, మా సంస్థ కూడా వరదబాధితురాలే అన్న సంగతి సభ గుర్తించాలి. మా గుంటలో పద్నాలుగేళ్ళుగా భద్రపరచుకున్న నీరు మొత్తం ఒక్క పూటలో గ్రామంలోకి వెళ్ళిపోయింది. ఆ నీటిని మేము ఈ రోజు వరకూ గ్రామస్థులను వెనక్కి అడగలేదు.”

“పట్టుకెళ్ళిపోండి బాబూ, చెరువులో ఇంకా చాలా ఉంది,” అన్నాడు బుల్లియ్య. అధ్యక్షులవారు బల్లమీద రెండుసార్లు తట్టారు.

ఇంతసేపూ సుదర్శనబాబు గారు తాడిమెరక జననాల రిజిస్టరును ముందు పెట్టుకుని, పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పుతూ, అప్పుడప్పుడు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. కుటుంబ సంక్షేమానికి పెట్టే లక్ష్యాలను ప్రభుత్వం అప్పటికి మూడేళ్ళ కిందటే రద్దుచేసింది. వాటి స్థానంలో ‘ఆశించిన సాధనాస్థాయి’ వచ్చింది. లక్ష్యం చేరకపోతే బదిలీ చేసేవారు. ఆశించిన సాధనాస్థాయి చేరకపోతే, ఆశాభంగం కలిగిందని తెలియజేస్తూ బదిలీ చేసేవారు. ఇందుమతి పనిచేసే ఆరోగ్యకేంద్రం పరిధిలో పురుషుల ఆపరేషన్లు మార్చి 31 లోగా నలభైఆరు జరగాలని ఆశించారు. జరిగినవి ఐదు.

“అధ్యక్షా,” అని సుదర్శనబాబు గారు లేచి నిలబడ్డారు. “నా ఇరవైరెండేళ్ళ సర్వీసులో ఇంత చక్కని రిజిస్టరు నేను చూడలేదు. జిల్లా మొత్తం మీద జననాల రేటు ఈ స్థాయికి దించిన గ్రామం మరొకటి లేదు. దీన్ని మనం నష్టంగా ఎందుకు పరిగణిస్తున్నాం?”

అధ్యక్షులవారు కరదీపిక మూశారు.

“మా శాఖ ప్రొఫార్మాలో దంపతులకు రెండే గడులున్నాయి,” అని ఆయన ఒక అచ్చుకాగితం ఎత్తి చూపించారు. “ఒకటి: ‘సంతానము కలుగుచున్నది’. రెండు: ‘శాశ్వత పద్ధతి పాటించుచున్నారు’. మూడో గడి లేదు. వీరికి సంతానం కలగడం లేదు కాబట్టి మొదటి గడికి చెందరు. ఇక తర్కం ప్రకారం మిగిలింది ఏమిటి?”

“మూడో గడి ఒకటి గీస్తే సరిపోతుంది కదండీ,” అంది ఇందుమతి.

“ఇవి రాజధానిలో అచ్చైనవి మేడమ్. గడులు గీయడం మన స్థాయిలో పని కాదు.”

“కాని వీళ్ళకి ఆపరేషన్ ఎవరూ చెయ్యలేదు!”

“ఫలితం ముఖ్యమా, ప్రక్రియ ముఖ్యమా? కత్తి లేని పద్ధతి అని ఊరూరా గోడలమీద మనమే రాయిస్తున్నాం. కోత ఉండదు, కుట్టు ఉండదు, ఇంటికి నడిచి వెళ్ళవచ్చు అంటున్నాం. ఇక్కడ కత్తి మాత్రమే కాదు, డాక్టరు కూడా లేకుండా సాధించాం. పైగా వీరు ఇంటికి నడిచి వెళ్ళనక్కర కూడా లేకపోయింది, ఇంట్లోనే ఉన్నారు.”

అనంతశయనం గారి ముఖం వికసించింది. ఒక చేతిలో పరిష్కారం లేని అర్జీ, మరో చేతిలో నిండని సాధనాస్థాయి పెట్టుకుని ఏ అధికారి అయినా కూర్చోగలడు. ఆ రెంటినీ ఒకదానితో ఒకటి కప్పెయ్యవచ్చునన్న ఆలోచన మాత్రం అందరికీ రాదు. “లోటు ఎంత?” అని అడిగారు.

“నలభైఒకటి.”

“అర్జీదారులు?”

“నలభై.” సుదర్శనబాబు గారి ముఖం వాడింది. ఆయన గది నాలుగువైపులా చూశారు. కోటిలింగం గారు వెంటనే తనకు ముగ్గురమ్మాయిలని మనవి చేసుకున్నారు. విలాసరావు గారు తనది హైదరాబాదు అన్నారు. చివరకు ఆ చూపు బల్ల మూలకు వచ్చి, కదులుతున్న కలం దగ్గర ఆగింది.

“మీదే ఊరు?”

“తాడిమెరకేనండి,” అన్నాడు కామేశ్వరం.

“వివాహమై?”

“వరదకి ఆర్నెల్ల ముందండి.”

“పిల్లలు?”

కామేశ్వరం చెయ్యి అలవాటుగా చొక్కా జేబు మీదకు వెళ్ళింది. సుదర్శనబాబు గారికి అది చాలు.

“అభ్యంతరం లేదు కదా?” అన్నారు అనంతశయనం గారు ఆప్యాయంగా. “కార్యాలయ సిబ్బంది ఆదర్శంగా నిలవాలి.”

కామేశ్వరం నియమావళి అంతా ఒకసారి మనసులో తిప్పిచూసుకున్నాడు. తరువాత ఒక్కటే అడిగాడు. “ఆ ప్రొఫార్మాలో భార్య గురించి ఏవైనా రాస్తారాండీ?”

“తొమ్మిదో గడి. ‘భార్య ఆరోగ్యస్థితి, లోపములేవైన ఉన్నచో.’ డాక్టరు ధ్రువీకరించాలి.”

“ముద్ర ఉంటుందాండీ?”

“గుండ్రటిది. మూడు సింహాలూ ఉంటాయి. ఒక ప్రతి లబ్ధిదారుకే ఇస్తాం.”

కామేశ్వరం కలాన్ని మళ్ళీ కాగితానికి ఆనించాడు. నలభైఒకటవ లబ్ధిదారుగా సమావేశ వివరములు నమోదు చేయువారు గుర్తింపబడిరి, అని ముందటి వాక్యం ఎంత పొందికగా రాశాడో దీన్నీ అంత పొందికగా రాశాడు.

రెండో సమావేశం సరిగ్గా వారానికి, తాడిమెరకలోనే, అంగన్‌వాడీ కేంద్రంలో శిబిరం పేరిట జరిగింది. రెండేళ్ళుగా చంటిపిల్లలు లేక, ఉన్న పెద్దపిల్లల్ని ఆ పూట ఇళ్ళకు పంపెయ్యడంచేత ఊళ్ళో అంతకంటె ప్రశాంతమైన గది లేదు. గోడమీద అచ్చులూ, అరటిపండూ, ఏనుగూ అలాగే ఉన్నాయి. కుర్చీలు మాత్రం మూడేళ్ళ పిల్లలవి. అధికారులు మోకాళ్ళు గడ్డాలకు ఆనించుకుని వాటిలో కూర్చుని, గ్రామస్థులను ఉద్దేశించి మాట్లాడారు.

లబ్ధిదారులను ఒక్కొక్కరినే పిలిచి ఆకుపచ్చ ప్లాస్టిక్ బకెట్టు బహూకరించారు. బుల్లియ్య తన బకెట్టును తిరగేసి, అడుగు కూడా చూశాడు.

“ఇందులో ఏ నీళ్ళు పట్టుకోమంటారండి?”

“మీ ఇష్టం. మీ ఊరి నీళ్ళే పట్టుకోండి,” అన్నారు సుదర్శనబాబు గారు.

“గట్టెప్పుడేస్తారండి మరి?”

సుదర్శనబాబు గారు చిన్నకుర్చీలో వీలైనంత నిటారుగా కూర్చున్నారు. “ఆ విషయంలో తొందరపాటు తగదు. ఈ ఏడాది నలభైఆరు పూర్తయితే వచ్చే ఏడాది మన నుంచి యాభైఒకటి ఆశిస్తారు. ఇప్పుడు గట్టు వేస్తే సాధన ఏమవుతుంది?”

“వచ్చే యేటికి ఊళ్ళో మగాడే మిగల్లేదు కదండీ! అందరికీ అయిపోయింది!”

“అందుకే పొడిగింపు ప్రతిపాదన పెట్టాం,” అని ఆయన ఒక పటం విప్పారు. అందులో చింతకోడు నుంచి రెండు ఎర్రటి గీతలు పక్క మండలంలోకి, జననాలు అధికంగా నమోదవుతున్న ఎదురుమెరకకూ కొత్తలంకకూ సాగి ఉన్నాయి. “ఏటా ఊరూరా తిరిగి వెయ్యిమందిని బతిమాలుకుంటే ఒక్కరు ముందుకు రారు. కాలువ ఎవరినీ బతిమాలదు.”

ఈ సేవకు గుర్తింపుగా ఫ్యాక్టరీకి ప్రశంసాపత్రం ఇవ్వాలని సంఘం తీర్మానించినప్పుడు కొంత చర్చ నడిచింది. పత్రంలో ‘గ్రామములో సంతానము తగ్గుటకు కారణమైన సంస్థ’ అని ఉండడం విలాసరావు గారు ఒప్పుకోలేదు. “సేవ అంటే వినయంతో స్వీకరిస్తాం. కారణం అంటే మా న్యాయవాది అంగీకరించరు.” చివరకు ‘కారణము కాకుండగనే ఫలితమునకు తోడ్పడిన సంస్థ’ అని దిద్దారు. అందరూ చప్పట్లు కొట్టారు. బుల్లియ్య బకెట్టు మీద కొట్టాడు.

చిక్కంతా ఏడో గడి దగ్గర వచ్చింది. ‘శస్త్రచికిత్స నిర్వహించినవారి పేరు.’

“నా పేరు రాయడానికి వీల్లేదు,” అంది ఇందుమతి. “తొమ్మిదో గడిలో సంతకం పెడతాను. ఊళ్ళో ఆడవాళ్ళందరినీ నేనే చూశాను, ఎవరిలోనూ ఏ లోపమూ లేదు. అది నిజం. చెయ్యని ఆపరేషన్ చేశానని మాత్రం రాయను. బదిలీ చేసుకోండి.”

“బదిలీకి కూడా గడి నిండాలి,” అన్నారు అనంతశయనం గారు. “ఖాళీ ఉంటే జిల్లావారు కట్ట మొత్తం తిప్పి పంపుతారు. కోటిలింగం గారూ?” కోటిలింగం గారు ఏనుగు బొమ్మ వైపు చూస్తూ కూర్చున్నారు. విలాసరావు గారు అప్పటికే కారెక్కారు. అధ్యక్షులవారు గడియారం చూసుకున్నారు. “కామేశ్వరం, నీకు అనుభవం ఉంది. ఏడో గడి సముచితంగా పూర్తిచేసి ఎల్లుండి సంతకానికి పెట్టు.”

“సముచితంగానాండీ?”

“వాస్తవాలకు భంగం లేకుండా, శాఖ గౌరవానికి తగినట్టు. నీకు నేను చెప్పాలా?”

మంగళవారం రోజంతా కామేశ్వరం రాశాడు. నలభైఒక్క ప్రొఫార్మాలు, ఒక్కొక్కటి మూడు ప్రతులు. మొదటి కాగితం దగ్గర మాత్రం అతని చెయ్యి అరగంటసేపు ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా అతను కోట్లాది మాటలు రాశాడు. వాటిలో ఏ ఒక్కటీ అతనిది కాదు. ఒకరు చెప్పినది ఇంకొకరు సంతకం పెట్టేందుకు వీలుగా మలచడమే అతని పని. సముచితంగా అని ఎవరైనా అతనికి వదిలిపెట్టడం అదే మొదటిసారి. కరదీపిక తెరిచాడు. అక్కరలేదనిపించి మూసేశాడు. తరువాత ఏడో గడి నింపాడు. అది నిండాక మిగిలిన గడులకు వెతుక్కోవలసిన పనే లేకపోయింది. నూటఇరవైమూడుసార్లూ అదే రాశాడు, అక్షరం తేడా లేకుండా.

ముద్ర వేయించడానికి సాయంత్రం కట్టను ఆరోగ్యకేంద్రానికి తీసుకువెళ్ళాడు. ఇందుమతి మొదటి కాగితం తీసుకుని తొమ్మిదో గడిలో సంతకం పెట్టబోయి, పైకి చూసి, ఏడో గడి చదివింది. మళ్ళీ చదివింది. కామేశ్వరం వైపు చూసింది. అతను గోడమీద చిన్నకుటుంబం బొమ్మ చూస్తున్నాడు.

ఆమె సంతకం పెట్టి, ముద్ర వేసింది. “ఇంకు సరిగా పడలేదు,” అని అదే చోట మళ్ళీ గట్టిగా వేసింది, మిగిలిన కాగితాలన్నిటికీ అలాగే.

మార్చి 31వ తేదీ ఉదయం అనంతశయనం గారు నూటఇరవైమూడు సంతకాలు పెట్టారు. మధ్యలో రెండుసార్లు టీ తాగారు. ఒకసారి ఆగి, కాగితాన్ని కొంచెం దూరంగా పట్టుకుని, “దస్తూరీ అంటే ఇదయ్యా! కళ్ళకద్దుకోవాలనిపిస్తుంది,” అన్నారు. సుదర్శనబాబు గారు కాగితాలు లెక్కపెట్టుకుని, నలభైఒకటి సరిపోయాయని తేలాక, కట్టకు తాడు బిగించి జిల్లాకేంద్రానికి స్వయంగా తీసుకువెళ్ళారు. జిల్లాలో లెక్కపెట్టి రాజధానికి పంపారు. రాజధానిలోనూ లెక్కపెట్టారు.

ఆ మధ్యాహ్నమే కామేశ్వరం సెలవు పెట్టి, నలభై ప్రతులు ఊళ్ళో నలభై ఇళ్ళకూ పంచి, నలభైఒకటవది జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. సూరమ్మ అరుగుమీద చింతపండు గింజ తీస్తోంది. ఆమె చెవికి శిబిరం కబురు అప్పటికే చేరింది.

“ఒరే, నువ్వు ఆపరేషన్ చేయించుకున్నావంటగా! నాకు చెప్పకుండా! ఆ బకెట్టు కోసమా?”

“చేయించుకోలేదమ్మా. చేశారు.”

“ఎవరు?”

“రాసుంది. ముద్రున్న కాయితమే తెచ్చాను.”

సూరమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని కాగితం అందుకుంది. ముందు ముద్ర చూసింది. రెండు ముద్రలు, ఒకదానిమీద ఒకటి. సింహాలను వేలితో తడిమింది. “చదువు,” అని తిరిగి ఇచ్చింది. తలుపు వెనకనుంచి మంగతాయారు గడప దాకా వచ్చి నిలబడింది.

కామేశ్వరం ఆఫీసులో చదివినట్టే, గడి గడికీ ఆగుతూ చదివాడు. “లబ్ధిదారు పేరు: పితాని కామేశ్వరం. గ్రామం: తాడిమెరక. శస్త్రచికిత్స జరిగిన తేదీ: 1996 ఆగస్టు 14 మొదలు నేటివరకు. జరిగిన స్థలం: మంచినీళ్ళ చెరువు. ఏడు. శస్త్రచికిత్స నిర్వహించినవారి పేరు: రంగుల ఫ్యాక్టరీ వ్యర్థజలములు, చింతకోడు ద్వారా, తెగిన గట్టు వేయనివారి సహకారంతో. ఎనిమిది. లబ్ధిదారు సమ్మతి: తీసుకొనబడినది, తీసుకొనబడలేదు, వర్తించనిది కొట్టివేయవలెను.” అతను ఆగాడు. “మొదటిది కొట్టేశాను. తొమ్మిది. భార్య ఆరోగ్యస్థితి: పరీక్షించడమైనది. ఏ లోపమూ లేదు. సంతకం, డాక్టరు. సంతకం, రెవెన్యూ డివిజనల్ అధికారి.”

సూరమ్మ చింతపండు పళ్ళెం పక్కకు జరిపింది.

“సర్కారే రాసిందా?” అంది.

“సర్కారే.”

“సంతకం పెట్టినాయన చదివే పెట్టాడా?”

“చదవకపోయినా చెల్లుద్దమ్మా.”

సూరమ్మ లేచింది. మోకాళ్ళు పట్టుకుంటూ వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, రెండు రోజుల కిందట వచ్చిన ఆకుపచ్చ బకెట్టులో నిలవున్న నీళ్ళ వైపు చూసింది. “అమ్మాయ్,” అంది, మూడేళ్ళలో ఆ పిలుపు అలా మెత్తగా రావడం అదే మొదలు. “ఆ నీళ్ళు ఒంపెయ్యి.”

“ఒంపేస్తే ఏం తాగుతాం అత్తయ్యా?”

సూరమ్మ బకెట్టును అలాగే చూస్తూ నిలబడింది.

వీధిలో బుల్లియ్య కేక వినిపించింది. “కామేశ్వరంగారూ! ఈ కాయితం పట్టుకుని కోర్టుకెళ్తే ఒప్పుకుంటారాండీ?”

“మూడు ప్రతులున్నాయి బుల్లియ్యా,” అని కామేశ్వరం లోపలినుంచే చెప్పాడు. “మూడూ వాళ్ళ సంతకాలే. జాగ్రత్తగా దాచు.”

మంగతాయారు భర్త చేతిలోంచి కాగితం తీసుకుని తొమ్మిదో గడి తనే ఒకసారి చదువుకుంది. ఏడో గడి దగ్గర ఆమె పెదవి కొంచెం కదిలింది. నవ్వో మరొకటో చెప్పడం కష్టం. “ఒక్క వాక్యం అడిగితే ఇంత తెచ్చారు,” అంది. అప్పుడు అడుగున చూసింది. “ఇక్కడ పది ఖాళీగా ఉందేంటండీ?”

“భార్య సంతకం. చదివి అర్థం చేసుకున్నట్టు. ఇంటి ప్రతికే ఉంటుంది.”

ఆమె చెయ్యి చాచింది. అతను కలం ఇచ్చాడు. మంగతాయారు గడపమీద కూర్చుని, కాగితాన్ని మోకాలిమీద పరుచుకుని, పేరు పూర్తిగా, నిదానంగా రాసింది. సిరా ఆరేదాకా ఊదింది. నాలుగు మడతలు పెట్టి, రేషన్ కార్డుకూ గోడ కూలిన పత్రానికీ మధ్య పాలిథీన్ సంచిలో దూర్చి, మూతి బిగించి, స్టూలెక్కి, ఎర్రటి వరదగీతకు మూరెడు పైన, వాసానికున్న ఎప్పటి మేకుకే తగిలించింది.